దండెం దిగిన క్లిప్పులు

మా ఇంట్లో బట్టల క్లిప్పు దండెం మీద కంటే మిగతా చోట్లే ఎక్కువగా కనిపించేది. గోడ క్యాలెండరు గాలికి ఎగరకుండా కింద ఒకటి, నాన్న కరెంటు బిల్లుల కట్టకి ఒకటి, కిటికీ తెరలు దగ్గరికి లాగి పెట్టడానికి రెండు, మా పాఠ్యపుస్తకాల్లో గుర్తుగా ఒకటో రెండో. తీరా బట్టలు ఆరేసే వేళకి బుట్టలో చూస్తే సగం క్లిప్పులు ఉండేవి కావు. "నా క్లిప్పులన్నీ ఏమైపోతున్నాయర్రా" అంటూ అమ్మ ఇల్లంతా తిరిగి ఏరుకొచ్చేది. మళ్లీ బట్టలు ఆరి లోపలికి వచ్చేసరికి నాన్న ఒక కాగితాల కట్ట పట్టుకుని బుట్ట దగ్గర నిలబడి ఉండేవారు.

పాత వస్తువుల గురించి ఎవరు రాసినా రేడియో గురించో, టేపు రికార్డరు గురించో, సిరా పెన్ను గురించో రాస్తారు. అవి మన చేతుల్లోంచి వెళ్లిపోయాయి కాబట్టి గుర్తొస్తాయి. క్లిప్పు ఎక్కడికీ వెళ్లలేదు. నిన్న కూడా వాడాం, రేపూ వాడతాం. అందుకేనేమో దాన్ని ఎవరూ తలుచుకోరు. నాకు మాత్రం చిన్నతనం అనగానే ముందుగా గుర్తొచ్చేది ఆ చెక్క క్లిప్పే. నేను విప్పి చూసి, ఎలా పనిచేస్తుందో పూర్తిగా అర్థం చేసుకుని, మళ్లీ నా చేతులతో బిగించగలిగిన మొదటి యంత్రం అది.

యంత్రం అని ఊరికే అనడం లేదు. ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. చూపుడు వేలంత పొడుగున్న రెండు చెక్క ముక్కలు, మధ్యలో ఒక తీగ స్ప్రింగు. మేకు లేదు, స్క్రూ లేదు, జిగురు లేదు. ఒక చివర ఏటవాలుగా చెక్కి ఉంటుంది, అది వేళ్లతో నొక్కే వైపు. రెండో చివర దవడలు. దవడలకి కాస్త వెనగ్గా రెండు ముక్కల్లోనూ అర్ధచంద్రాకారంలో గాడి ఉంటుంది. క్లిప్పు మూసుకున్నప్పుడు ఆ రెండు గాళ్లూ కలిసి చిన్న గుండ్రటి కన్నం అవుతాయి. తాడు కూర్చునేది అందులోనే. ఇంకాస్త వెనక, లోపలివైపు, స్ప్రింగు చుట్టలు ఇమిడే చోటు. ముక్కల వీపు మీద అడ్డంగా ఒక్కో గీత, అక్కడ స్ప్రింగు చేతులు దిగి పట్టుకుంటాయి. పనికిరాని గీత ఆ చెక్క మీద ఒక్కటీ ఉండదు.

తోక దగ్గర నొక్కితే స్ప్రింగు ఇంకాస్త మెలి తిరుగుతుంది, దవడలు తెరుచుకుంటాయి. వేళ్లు వదిలేస్తే ఆ మెలి విప్పుకోవాలని చూస్తుంది. బట్టని పట్టుకునే బలమంతా అదే. చుట్టగా ఉన్న ఆ తీగే స్ప్రింగు, రెండు ముక్కలూ ఊగడానికి ఆధార బిందువు కూడా అదే. బడిలో లీవర్ల పాఠం చెప్పేటప్పుడు మా సైన్సు మాస్టారు కత్తెర బొమ్మ గీశారు. బలం ఒకవైపు, భారం ఇంకోవైపు, ఆధార బిందువు మధ్యలో ఉంటే అది మొదటి తరగతి లీవరు అన్నారు. నాకు వెంటనే క్లిప్పు గుర్తొచ్చింది. స్ప్రింగుకి దగ్గరగా నొక్కితే ఎందుకంత గట్టిగా ఉంటుందో, తోక చివర పట్టుకుంటే ఎందుకు తేలిగ్గా తెరుచుకుంటుందో నా వేళ్లకి ఎప్పుడో తెలుసు. ఆ రోజు దానికి కారణం తెలిసింది. ఆ రోజంతా ఆ ఆనందం నన్ను వదల్లేదు.

స్ప్రింగు ఊడిన క్లిప్పుని నాన్న పారేయనిచ్చేవారు కాదు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని బిగించేవారు, పక్కన మేము. ముందు ఒక చెక్క ముక్క తీసుకుని దాని లోపలి గాడిలో స్ప్రింగు చుట్టలు కూర్చోబెట్టి, ఒక చేతిని వీపు మీది గీతలోకి దించాలి. ఇక రెండో ముక్కని తోక వైపు నుంచి నెమ్మదిగా జరుపుకుంటూ రావాలి, స్ప్రింగు రెండో చేతిని గోరుతో పైకెత్తి పట్టుకుని. గీత దాకా వచ్చాక టక్కుమని శబ్దం వస్తుంది. ఆ టక్కు రాకపోతే స్ప్రింగు ఎగిరి గదిలో ఏ మూలో పడుతుంది. వెతికి తేవడం పిల్లల పని. అక్క దీన్ని నాకంటే ముందు నేర్చుకుంది, గోరు చివర అరిగిపోయినా మానేది కాదు.

ఎన్నిసార్లు బిగించినా వదులైపోయిన క్లిప్పులు కొన్ని ఉండేవి. తీగలో సత్తువ పోయి, చేతిరుమాలు కూడా నిలవనంత మెత్తబడినవి. వాటిని కూడా నాన్న పారేయలేదు. ఒక రేకు డబ్బాలో వేసి అలమరా మీద పెట్టేవారు. ఎందుకు నాన్నా అంటే, "చెక్క బాగానే ఉంది కదా, దేనికైనా పనికొస్తుంది" అనేవారు.

పెద్దయ్యాక ఈ క్లిప్పు చరిత్ర చదివాను. స్ప్రింగు రాకముందు ఒకే కర్రముక్కని మధ్యలోకి చీల్చి తాడు మీదకి గుచ్చేవాళ్లు. రెండు కాళ్ల మధ్య తాడూ బట్టా ఇరుక్కుని నిలవాలి. గాలి గట్టిగా వీస్తే అవి జారి పడేవి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌కి చెందిన డేవిడ్ ఎమ్ స్మిత్ అనే ఆయన 1853లో స్ప్రింగుతో తెరుచుకుని మూసుకునే క్లిప్పుకి పేటెంటు తీసుకున్నాడు. గాలికి బట్టలు ఊడిపోవడం చాకిరేవు ఆడవాళ్లకి పెద్ద బాధ అనే మాట ఆ పేటెంటులోనే ఉంది. నాకు ఇది చదివినప్పుడు చాలా గౌరవం కలిగింది. ఉతికిన బట్ట బురదలో పడితే మళ్లీ ఉతకాల్సింది ఎవరో, ఆ నడుం నొప్పి ఎవరిదో ఆలోచించి చేసిన వస్తువన్నమాట.

1852 నుంచి 1887 దాకా అమెరికా పేటెంటు కార్యాలయం బట్టల క్లిప్పులకి 146 పేటెంట్లు ఇచ్చింది. ఇంత చిన్న వస్తువు మీద అంతమంది బుర్రలు పెట్టారంటే అది ఎంత అవసరమైందో చూడండి. చివరికి 1887లో అదే వెర్మాంట్‌కి చెందిన సోలన్ ఈ మూర్ చేసిన మార్పు నిలబడింది. ఒకే తీగని చుట్టగా తిప్పి, ఆ చుట్ట మీదే రెండు ముక్కలూ ఆడేలా చేశాడు. నాన్న పక్కన కూర్చుని మేము గదంతా వెతికిన స్ప్రింగు అదే. మూర్ తర్వాత మారడానికి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇవాళ మీ దండెం మీద చెక్క క్లిప్పు ఉంటే, దాదాపు అది ఆయన చేసిందే.

ఇక అమ్మ బట్టలు ఆరేసే తీరు. ఇది రాయడానికే అసలు మొదలుపెట్టాను.

ముందు తడిగుడ్డతో తాడు మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచేది. తుడవకుండా తెల్ల బట్ట వేస్తే మధ్యలో నల్లటి చార పడుతుంది. తర్వాత బకెట్లోంచి ఒక్కో బట్టా తీసి, రెండు మూలలు పట్టుకుని, గాలిలో ఒక్క విదిలింపు విదిలించేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ ఒక్క విదిలింపుతో సగం ముడతలు పోతాయి, ఇస్త్రీ పని తగ్గుతుంది. రెండు చేతులూ బట్టతో ఉంటాయి కాబట్టి క్లిప్పులు పళ్ల మధ్య ఉండేవి. అలాగే మాతో మాట్లాడేది. ఆ మాటల్లో అక్షరాలు సగమే పలికేవి, అయినా మాకు అన్నీ అర్థమయ్యేవి.

ప్రతి బట్టకీ ఒక పద్ధతి. చొక్కాని ఎప్పుడూ తలకిందులుగా, కింది అంచు దగ్గరే పట్టించేది. భుజాల దగ్గర క్లిప్పు పెడితే అక్కడ ముక్కు పొడుచుకొచ్చినట్టు గుర్తు పడుతుంది, వేసుకున్నప్పుడు అందరికీ కనిపిస్తుంది. అంచు దగ్గర గుర్తు పడ్డా ప్యాంటులోకి వెళ్లిపోతుంది. ప్యాంటుని కాళ్ల వైపు నుంచి వేలాడదీసేది, నడుం పట్టీ బరువు కిందికి లాగి ముడతలు సాపు చేస్తుందని. మేజోళ్లు వేళ్ల దగ్గర, జతగా. రంగు బట్టలు తిరగేసి, ఎండకి వెలవకుండా. ఊలు స్వెటర్లకి మాత్రం క్లిప్పు ముట్టనిచ్చేది కాదు. తడిసిన ఊలు బరువుకి సాగిపోతుంది, వాటిని పరిచే ఆరబెట్టాలి.

తాడు మీద మడిచి వేసేస్తే సరిపోదా, క్లిప్పు ఎందుకు అని అడిగాను ఒకసారి. "రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుని ఉంటే గాలి ఎక్కణ్నుంచి దూరుతుంది" అంది. నిజమే. తాడు మీద మడిచి వేసిన తువ్వాలు అంచులు ఆరినా మడత దగ్గర చెమ్మ ఉండిపోతుంది, అక్కడే వాసన పట్టేది. అంచు మాత్రమే క్లిప్పుకి ఇచ్చి వేలాడదీస్తే ఒక్క పొరే గాలికి ఉంటుంది, అటూ ఇటూ రెండు వైపులా ఆరుతుంది. దండెం మీద చోటూ క్లిప్పులూ చాలని రోజున ఒక బట్ట అంచు మీద పక్క బట్ట అంచు ఒకింత ఎక్కించి, రెండిటికీ కలిపి ఒకే క్లిప్పు పెట్టేది. అలా వరసంతా చేతులు పట్టుకుని నిలబడేది.

గాలి రోజుల్లో దుప్పట్లు ఆరేయడం ఇద్దరి పని. ఒక మూల అమ్మ, ఒక మూల అక్కో నేనో. దుప్పటి తెరచాపలా ఉబ్బి మమ్మల్ని లాక్కుపోతున్నట్టు ఉండేది. అప్పుడు తెలిసేది క్లిప్పు విలువ. అంత పెద్ద బట్ట, అంత గాలి, నాలుగైదు చిన్న చెక్కముక్కల మీద నిలబడి ఉండేవి. మబ్బు పట్టగానే మాత్రం అందరం పరుగే. అప్పుడు క్లిప్పులు ఒక్కొక్కటీ తీసే టైం ఉండదు, బట్ట లాగితే క్లిప్పులు టపటపా నేల మీద రాలేవి. వాన తగ్గాక గడ్డిలో వెతుక్కునేవాళ్లం. అమ్మకి ఆ లాగడం అస్సలు నచ్చేది కాదు. బట్ట నూలు తెగుతుంది, స్ప్రింగు ఊడుతుంది అనేది. ఎంత వానలో అయినా తను మాత్రం నొక్కి తీసేది.

తడిసిన చెక్క క్లిప్పుల్ని దండెం మీదే వదిలేస్తే నల్లటి బూజు మచ్చలు వస్తాయి, స్ప్రింగు తుప్పు పడుతుంది. ఆ తుప్పు తెల్లచొక్కాకి అంటితే ఇక అంతే, వదలదు. అందుకే బట్టలతో పాటే క్లిప్పులూ లోపలికి రావాలి అన్నది మా ఇంటి చట్టం. లోపలికి వచ్చాక అవి ఏ మూలకి ఏ పని మీద వెళ్లేవో ఎవరికి తెలుసు.

వంటగదిలో విప్పిన ప్యాకెట్లన్నిటికీ క్లిప్పులే. మూతి రెండు మడతలు మడిచి క్లిప్పు పెడితే చెమ్మ చేరదు, చీమ దూరదు. పళ్ల పేస్టు ట్యూబు అయిపోవస్తే కింది నుంచి చుట్టి క్లిప్పు పెట్టేవాళ్లం, ఇంకో వారం వచ్చేది. నాన్న గోడకి చిన్న మేకు కొట్టాలంటే మేకుని వేళ్లతో కాక క్లిప్పుతో పట్టుకునేవారు, సుత్తి తప్పినా దెబ్బ చెక్కకే తగులుతుంది. విరిగిన బొమ్మ అతికించి జిగురు ఆరేదాకా పట్టి ఉంచేది క్లిప్పే. కుట్టుపనిలో మందపాటి బట్టకి గుండుసూది దిగకపోతే అమ్మ అంచుల్ని క్లిప్పులతో పట్టించి కుట్టేది. పెరట్లో లేత తీగని పుల్లకి ఆనించి క్లిప్పు పెట్టేది, తాడు కడితే కాడ నలుగుతుందని. ఫ్యాను గాలికి పుస్తకం పేజీలు తిరగబడకుండా రెండువైపులా రెండు క్లిప్పులు పెట్టుకుని చదువుకున్న పరీక్షలు ఎన్నో. టెన్షన్‌తో చదవలేకపోతే ఆ క్లిప్పునే తెరుస్తూ మూస్తూ కూర్చునేదాన్ని.

ఆటలు సరేసరి. పాత అట్టముక్కని క్లిప్పుతో సైకిలు చక్రం దగ్గర పట్టిస్తే, పుల్లలు దానికి తగులుతూ మోటారు సైకిలు చప్పుడు వచ్చేది. ముక్కుకి పెట్టుకుని ఎవరు ఎక్కువసేపు ఓర్చుకుంటారో పందెం. క్లిప్పు విప్పి ముక్కల్ని వీపు వీపు ఆనించి అతికిస్తే బొమ్మల కుర్చీ కాళ్లు తయారు. ముక్కల్ని తిరగేసి బిగించి అగ్గిపుల్లని ఎగరేసే తుపాకీ చేసేవాళ్లు పెద్ద పిల్లలు. అది మా ఇంట్లో నిషేధం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చిన్న మామయ్య డార్క్‌రూమ్. ఆయనకి ఫొటోల పిచ్చి. ఇంట్లోనే ఒక చిన్న గదిలో కిటికీకి నల్లగుడ్డ కొట్టి, ఎర్ర లైటు పెట్టుకున్నాడు. ఆ గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకి సన్నటి తాడు, దాని నిండా అమ్మ దగ్గర తెచ్చుకున్న క్లిప్పులు. కడిగిన ఫిల్మ్ రీలుని పైన ఒక క్లిప్పుతో తాడుకి వేలాడదీసి, కింది చివర ఇంకో క్లిప్పు పెట్టేవాడు. కింద ఎందుకు మామయ్యా అంటే, బరువుకి అంటాడు. ఆ కాస్త బరువు లేకపోతే ఫిల్మ్ ఆరుతూ చుట్టచుట్టుకుపోతుంది. పక్కన ఫొటోలు ఒక్కో మూల పట్టుకుని వేలాడుతూ ఉండేవి, చివర నీటిబొట్లు. మా అందరి మొహాలూ ఆ తాడు మీద ఆరేవి. ఫొటో తెల్ల అంచు మీదే క్లిప్పు పడాలి, బొమ్మ మీద పడకూడదు. ఆ జాగ్రత్త చూస్తే నాకు అమ్మ చొక్కా అంచు గుర్తొచ్చేది.

సినిమా షూటింగుల్లోనూ చెక్క క్లిప్పే. లైటు ముందు రంగు జెల్ కాగితాల్ని పట్టించడానికి వాడతారు. ఆ లైట్ల వేడికి ప్లాస్టిక్ అయితే కరిగిపోతుంది, ఇనుము అయితే చెయ్యి కాలుతుంది. చెక్క వేడిని అంత త్వరగా మొయ్యదు కాబట్టి వట్టి చేత్తో తీయొచ్చు. ఆ సెట్ల మీద దానికి సీ-47 అని పేరు. కోట్ల ఖర్చుతో తీసే సినిమాలో కూడా వెలుగు రంగుని పట్టి ఉంచేది ఈ రెండు చెక్కముక్కలే.

తర్వాత ప్లాస్టిక్ క్లిప్పులు వచ్చాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. మొదట దండెం పండగలా అయింది, మాకూ ముచ్చటేసింది. నాకు వాటి మీద కోపం ఏమీ లేదు, వానకి బూజు పట్టవు, తేలిగ్గా ఉంటాయి. కానీ ఎండలో ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని లోపలి అణువుల గొలుసుల్ని తెంపేస్తాయి. ముందు రంగు వెలుస్తుంది, ఒక రోజు నొక్కగానే పుటుక్కున విరిగి ముక్క చేతిలోకి వస్తుంది. ఎండలో నిలబడటమే పనిగా ఉన్న వస్తువు ఎండకే విరిగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చెక్క కూడా ఎండకి మారుతుంది, పైన బూడిదరంగు తేలుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. పైగా విరిగిన ప్లాస్టిక్‌ని నాన్న ఏ సాయంత్రమూ కూర్చుని బాగుచెయ్యలేకపోయారు. వెర్మాంట్‌లో అంత పేరున్న చెక్క క్లిప్పుల పరిశ్రమ కూడా ఈ శతాబ్దం మొదటి పదేళ్లలోనే ముగిసిపోయింది.

అయినా దాని రూపం మాత్రం మనుషుల్ని వదల్లేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సిటీ హాల్ ఎదురుగా శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1976లో నిలబెట్టిన బట్టల క్లిప్పు శిల్పం 45 అడుగుల ఎత్తు. బెల్జియంలో ల్యేజ్ దగ్గర షోఫొంటెన్ పార్కులో మెహ్మెత్ అలీ ఉయ్‌సాల్ పెట్టిన ఇంకో పెద్ద క్లిప్పు పచ్చిక నేలనే గిల్లి పైకెత్తినట్టు ఉంటుంది. ఆ ఫొటో చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, "నేలకి నొప్పి పుట్టదూ" అంది.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి నాన్న లేరు. నడక కాస్త త్వరగానే వచ్చింది, మాట బాగానే ఉంది, చెయ్యి మాత్రం కదల్లేదు. తర్వాత భుజం కదిలింది, మోచెయ్యి కదిలింది, వేళ్లే మొండికేశాయి. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి అన్నీ చేయించేది. మెత్తటి బంతి నొక్కడం, బిళ్లలు ఏరడం. ఒకరోజు "ఇంట్లో బట్టల క్లిప్పులున్నాయా ఆంటీ" అని అడిగింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి నొక్కడం తిరిగి రావాలంటే దానికి మించిన సాధనం లేదట. ఆసుపత్రుల్లో ఇందుకోసం రంగుల క్లిప్పులే ఉంటాయి, ఒక్కో రంగుకి ఒక్కో బిగువు. పసుపు అన్నిటికంటే తేలిక, నలుపు అన్నిటికంటే గట్టిది. చిన్నపిల్లలకి పెన్సిలు పట్టు రావడానికి కూడా ఇలాగే క్లిప్పులు పెట్టించి తీయిస్తారని చెప్పింది.

మా దండెం మీదివన్నీ కొత్తవి, గట్టివి. అమ్మ వేళ్లు వాటిని కొంచెం కూడా కదపలేకపోయాయి. అక్కే లేచి వెళ్లి అలమరా మీది రేకు డబ్బా దించింది. నాన్న దాచిన వదులు క్లిప్పులు. మూత తుప్పుపట్టి ఉంటే ఇద్దరం కలిసి లాగాం. కింద కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ వేరు చేశాం. బొత్తిగా సత్తువ లేనివి ఒక కుప్ప, కాస్త పట్టున్నవి ఒకటి, బాగా పట్టున్నవి ఇంకొకటి. ఎవరం ఏం మాట్లాడుకోలేదు. "చెక్క బాగానే ఉంది కదా" అన్న మాట ఇద్దరికీ వినపడుతూనే ఉంది.

అట్టపెట్టె అంచుకి పెట్టి తీయడం మొదలుపెట్టాం. మొదటి కుప్పలోది కూడా ముందు తెరుచుకోలేదు. బొటనవేలు పక్కకి జారిపోయేది. అమ్మ నుదుటి మీద చెమట పట్టేది, ఎడమచెయ్యి సాయం రాబోతే తనే వెనక్కి లాక్కునేది. ఒకరోజు మధ్యాహ్నం క్లిప్పు మూతి రవ్వంత తెరుచుకుంది. గోరు దూరేంత సందు, అంతే. చూశావా అన్నట్టు నా వైపు తిరిగింది. ఆ సందు కోసం ఇల్లంతా ఎదురుచూసింది.

కొన్నాళ్లకి మొదటి కుప్ప అయిపోయింది. అప్పుడు అమ్మకి విసుగొచ్చింది. "అట్టపెట్టెకి పెట్టి ఏం చేసుకుంటాను, ఒక తాడు కట్టండి" అంది. రెండు కుర్చీల మధ్య తాడు కట్టి, చేతిరుమాళ్లు తడిపి ఇచ్చాం. కుర్చీలో కూర్చునే ఒక్కోటీ పరిచి, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో క్లిప్పు పెట్టింది. ఎంతసేపు పట్టిందో అడక్కండి. పెట్టిన తర్వాత పక్క రుమాలు అంచు దాని మీదికి ఎక్కించి, రెండిటికీ కలిపి ఒకే క్లిప్పు పెట్టింది. ఫిజియో అమ్మాయి అది చూసి, ఇది నేను చెప్పలేదే ఆంటీ అంది. నేను బయటికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను.

ఇప్పుడు అమ్మ వేళ్లు మునుపటంత కాకపోయినా పని చేస్తాయి. బొత్తాలు తనే పెట్టుకుంటుంది. మా ఇంటి దండెం మీద మళ్లీ చెక్క క్లిప్పులే ఉన్నాయి, కొనేటప్పుడు నేను చూసేవి రెండే. స్ప్రింగు తీగ సన్నగా ఉండకూడదు, దవడలు మూసినప్పుడు మధ్యలో వెలుతురు కనబడకూడదు. కొత్తవి కొన్నాళ్లు బాగా బిగువుగా ఉంటాయి కాబట్టి పల్చటి బట్టలకి పాతవే వాడతాను. ఊడినవి అక్క కూతురు బిగిస్తుంది. ఆ పిల్లకి టక్కుమనే చప్పుడంటే ఇష్టం, బాగున్న క్లిప్పులు కూడా విప్పి మరీ బిగిస్తుంది.

మొన్న బడిలో పిల్లల బొమ్మలు తాడుకి వేలాడదీస్తారట, క్లిప్పులు కావాలని వచ్చింది. బుట్ట తెచ్చి ముందు పెట్టాను, నచ్చినవి ఏరుకోమని. గుప్పిళ్లతో తీసుకుంటుంటే అమ్మ లోపలి నుంచి కేకేసింది. "ఆ కుడివైపు గట్టివి ముట్టుకోకు, అవి నా వేళ్లకి కావాలి. వదులువి పట్టుకెళ్లు, కాగితాలకి చాలు."